గోనెపట్టా వెనుక కళ్ళు

మీ వీధిలో పట్టపగలు కిటికీకి గోనెపట్టా కట్టిన ఇల్లు ఉందా? ఉంటే, ఆ పట్టా వెనుక చీకట్లో ఎవరు పడుకొని ఉన్నారో, ఆ పసిబిడ్డ కళ్ళలోకి డాక్టరు ఒక్కసారైనా చూశాడో లేదో మీరు ఎప్పుడైనా తలుపు తట్టి అడిగారా?

అడిగి ఉండరు. ఎవరి కిటికీ వాళ్ళిష్టం అనుకొని ఉంటారు. ఏళ్ళ తరబడి వేదికలెక్కి మూఢనమ్మకాల మీద గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆ గొంతులో ఇప్పుడు వేడి తగ్గింది, అలసట మిగిలింది. చెప్పిందే చెప్పి, విన్నవాళ్ళే విని, చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి నిమ్మకాయ కోసి గుమ్మానికి కడతారని తెలిసిన అలసట. అయినా ఈ ఒక్క ప్రశ్న వదలలేకపోతున్నాను. దానికి కారణం పోయిన వారం తమిళనాడులో మా కోవిల్‌పట్టిలో చనిపోయిన ఒక ముసలామె.

ఆమె పేరు రాయను. వీధికి ఆమె తీప్పెట్టి అవ్వ. మా వైపు అగ్గిపెట్టెను తీప్పెట్టి అంటారు, అగ్గిపెట్టెలు చేసే కార్ఖానాను తీప్పెట్టి ఆఫీసు అంటారు. పేరుకు ఆఫీసే, లోపల నేల మీద కూర్చొని పుల్లలు చట్రంలో పేర్చే ఆడవాళ్ళు. ఆమె చిన్నప్పటి నుంచి ఆ పనే చేసింది. మిషన్లు వచ్చి ఆ పని పోయింది గాని, ఆమె వేళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పొడుగ్గా ఏది కనిపించినా పేర్చేవి. మునక్కాయలు కొనడానికి పోతే బండి మీది కాయలన్నీ మొనలు కలిపి సర్దిపెట్టి, రెండు తీసుకొని వచ్చేది.

"అవ్వా, దినమూ రా. నాకు ఒక మనిషి కూలి మిగుల్తాది" అనేవాడు బండివాడు.

"కూలి నువ్వే పెట్టుకో, ముదరని కాయ చూసి ఇయ్యి" అనేది ఆమె.

మా ఇంటికి వస్తే గడప పక్కనే ఉన్న నా బల్ల మీద సుద్దముక్కలు వరసలో నిలబడేవి. నేను బడిపంతుల్ని. ఆమె నన్ను 'వాద్యారే' అని పిలిచేది. ఏ ఇంటికి పోయినా లోపలికి వచ్చి కూర్చునేది కాదు. గడపకు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడేది. ఎందుకక్కా అని ఒకసారి అడిగాను.

"ఒక కాలు లోపల ఉంటే తలుపు మూయలేరు వాద్యారే."

నడుము దగ్గర చీర మడతలో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. పొగాకు అలవాటు లేదు, పొయ్యి కోసమూ కాదు. దాని మీది ఎర్ర పువ్వు బొమ్మ కోసం. రేషను షాపులో, బస్సులో, టీకాల దగ్గర, ఎక్కడ చంటిబిడ్డ కనిపించినా ఆ పెట్టె తీసి బిడ్డ మొహం ముందు మెల్లగా అటూ ఇటూ ఆడించేది. బిడ్డ కళ్ళు బొమ్మ వెంట తిరిగితే పెట్టె మళ్ళీ నడుముకు చెక్కుకొని "పో, బతికిపోయినావు" అనేది. కొందరు తల్లులు నవ్వేవారు. కొందరు దిష్టి పెడుతుందని బిడ్డను కొంగు కింద దాచుకొనేవారు. కళ్ళు బొమ్మ వెంట తిరిగే వయసు వచ్చేటప్పటికి చేయాల్సిన పనికి సమయం దాటిపోతుందని ఆమెకు ఒక నర్సు చెప్పిందట. ఆ సంగతే నేనూ చెప్పబోతే, "అది నాకూ తెలుసు. ఇది నా మనసుకు" అంది.

సమయం దాటిపోవడమంటే ఏమిటో చెప్పాలి.

ఒకటిన్నర కిలో కూడా తూగకుండా పుట్టిన బిడ్డను మీరు చూశారో లేదో. చర్మం కింద నరాలు కనిపిస్తాయి. ఊపిరి తీయడం మధ్యలో మరిచిపోతుంది. పాలు మింగడం తెలియదు. పెద్దవాళ్ళకు తుమ్ముతో పోయే జబ్బు దానికి ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ దాటి, వార్డు నుంచి ఇంటికి వచ్చిన తరవాత కూడా దానికి ఇంకో గండం ఉంటుంది. కంటి వెనుక తెరలో రక్తనాళాలు తల్లి కడుపులోనే పూర్తిగా పెరగాలి. నెలలు తక్కువైతే అవి బయటికి వచ్చాక దారి తప్పి పెరుగుతాయి. బయటికి ఏమీ కనిపించదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, బిడ్డ ఏడవదు. పుట్టిన నెల తిరిగేలోపు కంటి డాక్టరు చుక్కలు వేసి లోపలికి చూస్తేనే తెలుస్తుంది. చూసి, అవసరమైతే లేజరు పెడితే చాలా కళ్ళు నిలుస్తాయి. ఆలస్యమైతే తెర ఊడిపోతుంది. ఊడిన తెరను ఏ దేవుడూ అతికించడు. డాక్టర్లూ చాలాసార్లు అతికించలేరు.

మా తెలుగిళ్ళలో కొన్నింట 'నెల నింపు' అని ఒక ఆచారం ఉంది. నెలలు తక్కువతో పుట్టిన బిడ్డ ఇంకా పుట్టనట్టే. కడుపులో చీకటి కదా, మిగిలిన నెలలు ఇంట్లో చీకటి గదిలో నింపాలి. కిటికీకి గోనెపట్టా, తలుపుకు పాత చీర. పేరు పెట్టరు. బయటికి తీయరు. బిడ్డ ఎట్లా ఉందని అడిగితే "ఇంగా పుట్టలే" అంటారు. పదో నెల నిండిన రోజు పట్టా విప్పి, బిడ్డకు పొద్దు చూపించి, అప్పుడు పాయసం వండుతారు. పచ్చి కళ్ళకు వెలుతురు తగిలితే మాడిపోతాయని వాళ్ళ భయం. గమనించండి, కళ్ళ మీద ప్రేమతోనే ఈ చీకటి. చీకటి వల్ల కళ్ళు పోవు, ఆ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను. డాక్టరు చూడాల్సిన రోజులు సరిగ్గా ఆ చీకట్లో గడిచిపోతాయి. పోయేది అందువల్ల.

తీప్పెట్టి అవ్వకు ఒక మనవరాలు, కూతురి కూతురు. చూపు లేదు. చూపులేని పిల్లల బడిలో, హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. పుట్టుగుడ్డి అని వీధిలో అందరికీ తెలుసు, అట్లా అని ఆమే చెప్పింది. "నా మనవరాలు అట్ల పుట్టింది వాద్యారే. ఇంగొక ఇంట్లో వద్దు." అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఆమెతో నా మొదటి గొడవ ఒక మీటింగు తరవాత. ఆ సాయంత్రం నేను నెల నింపు మీదే మాట్లాడాను. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అనే సామెతను ముక్కలు ముక్కలు చేశాను. జనం బాగా చప్పట్లు కొట్టారు. కుర్చీలు మడుస్తుండగా ఆమె వచ్చింది.

"బాగా అరిస్తివి వాద్యారే. ఇంటికి పోయి మిరియాల పాలు తాగు."

"విన్నావా అక్కా?"

"విన్నా. ఒకటి అడగల్ల. నీ మాట విని ఈ పొద్దు ఎవురన్నా పట్టా విప్పుతారా?"

"ఆలోచిస్తారు."

"ఆలోచిస్తారు. ఆ లోపల నెల తిరిగిపోతాది."

ఆమె దగ్గర వేరే దారి ఉంది. ఊళ్ళో కొత్త విగ్రహం పెడితే శిల్పి వచ్చి ఉలితో కన్ను తెరిచేదాకా అది రాయే కదా. ఆ మాట పట్టుకొని ఆమె ఒక కొత్త సడంగు, అంటే తంతు, పుట్టించింది. నెల తక్కువ బిడ్డకు కూడా కన్ను తెరిపించాలి, నెల తిరిగేలోపు తెరిపించాలి, గడపకు వేపాకు కట్టి దీపం పెట్టి బిడ్డను ఎత్తుకొని కంటి డాక్టరు దగ్గరికి పోవాలి, తెరిచే చెయ్యి ఆయనది. అట్లా చెబితే ఇళ్ళల్లో వింటున్నారు. బయలుదేరి పోతున్నారు.

"అమ్మవారు చెప్పింది అంటున్నావా?"

"నేను అనలే. వాళ్ళే అనుకొంటారు. నేను నోరు మూసుకొంటా."

నాకు ఒళ్ళు మండింది. ఒక ముల్లు తీయడానికి ఇంకో ముల్లు గుచ్చి వదిలేస్తున్నావన్నాను. రేపు ఈ సడంగుకు ఒక పూజారి పుడతాడన్నాను. ఆమె తాపీగా విని, మడిచిన కుర్చీలను వరసగా గోడకు ఆనించింది.

"నీ మాట నిజం వాద్యారే. నా మాట బస్సెక్కిస్తాది."

జవాబు నాకు రెండో రోజు దొరికింది, ఆమె వీధికి పోయి మరీ చెప్పాను. "అబద్ధం బస్సెక్కిస్తుంది అక్కా. ఏ స్టాపులో దింపుతుందో మాత్రం చెప్పదు."

"అది మీటింగులో చెప్పు, చప్పట్లు కొడతారు" అని మునక్కాయ కోసుకుంటూ ఉండిపోయింది.

ఆ స్టాపు నాగలాపురంలో వచ్చింది. వాన పడితే పంట, లేకుంటే కూలి, అట్లాంటి ఊరు. అక్కడ ఒక ఇంట్లో బిడ్డ మరీ తక్కువ బరువుతో పుట్టి, వార్డులో గట్టెక్కి ఇంటికి వచ్చింది. ఆమె పోయి సడంగు చెప్పి వచ్చింది. వాళ్ళు ఎంతో శ్రద్ధగా చేశారు. వేపాకు కట్టారు, దీపం పెట్టారు, చుట్టాలను పిలిచి అన్నం పెట్టారు. బిడ్డ రెప్పల మీద పెద్దముత్తయిదువ నేతిచుక్క అద్దింది. సడంగు ఇంత బాగా జరిగాక ఎండలో డాక్టరు దగ్గరికి ఎందుకని అనుకున్నారు. మళ్ళీ పట్టా కట్టేశారు. కొన్ని నెలల తరవాత ఆమె పోయి అగ్గిపెట్టె ఆడించింది. ఒక కన్ను అసలు కదల్లేదు, రెండోది బొమ్మను వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరిగింది.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, గడప మీద ఒక కాలు పెట్టి నిలబడలేక, మొదటిసారి లోపలికి వచ్చి కూర్చుంది. బల్ల మీది సుద్దముక్కలన్నీ పేర్చింది, చెరిపింది, మళ్ళీ పేర్చింది.

"తప్పు స్టాపులో దిగినా వాద్యారే."

వాదంలో నేను గెలిచాను. నాకు అంత రోత పుట్టించిన గెలుపు ఇంకోటి లేదు. ఆమె ఆ తరవాత సడంగు మాట ఎత్తలేదు. ఊరికే గడపల మీద నిలబడి "చూపించండమ్మా, నెల తిరిగేలోపల చూపించండి" అని బతిమాలేది, తిట్టేది. ఎక్కువ ఇళ్ళల్లో పొమ్మనేవారు. నిజం చేతపట్టుకొని తిరిగే మనిషికి ఎంత మర్యాద దొరుకుతుందో నాకు ముందే తెలుసు. ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇక విరుదునగరు సంగతి.

అక్కడ నా చెల్లెలు ఉంది. బి.కాం. చదివింది, ఒక పప్పుమిల్లు ఆఫీసులో పని చేస్తుంది. దాని కూతురికి నెలలు నిండక ముందే కాన్పయింది. పిల్లవాడు అరచేతిలో పట్టేటంత ఉన్నాడు. వార్డులో చాలా రోజులుండి బయటపడ్డాడు. కళ్ళు చూపించడానికి ఫలానా రోజు తీసుకురమ్మని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఆ రోజుకు కాస్త ముందు నేను బిడ్డను చూడడానికి పోతే, కిటికీకి గోనెపట్టా ఉంది.

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. రక్తనాళాలు చెప్పాను, తెర చెప్పాను, బొమ్మ గీసి చూపించాను.

"అన్నా, నీ మీటింగు బస్టాండులో పెట్టుకో. ఇది నా ఇల్లు" అంది చెల్లెలు.

"నువ్వు చదువుకున్నదానివి కాదా?"

"చదివితే అమ్మను మరిచిపోవల్లనా? నేనూ నెల తక్కువదాన్నే. అమ్మ నన్ను ఇట్లనే నింపింది. నాకు కళ్ళు లేవా?"

ఇది అన్నిటికంటే మొండి వాదం. బతికి, చూపుతో నిలబడి చేసే వాదం. ఆ కాలంలో ఇంత చిన్నగా పుట్టిన బిడ్డలు ఈ గండం దాకా బతకనే లేదు, నువ్వు బతికావంటే ఇంతకంటే పెద్దగా పుట్టి ఉంటావు అన్నాను. అది నిజం. చెల్లెలి మొహం ఎర్రబడింది.

"పోయిన అమ్మను కూడా వాదంలో ఓడిస్తావా అన్నా?"

ఇంకేం మాట్లాడతాను? కోవిల్‌పట్టికి తిరిగి వచ్చి తీప్పెట్టి అవ్వను పిలిచాను. మరుసటి పొద్దున బస్సెక్కాం. సెలవులకు వచ్చిన మనవరాలినీ వెంట తీసుకువచ్చింది. ఎందుకని అడిగితే "అదీ ఊరు చూడల్ల కదా" అంది. పన్నెండు పదమూడేళ్ళ పిల్ల, గలగలా మాట్లాడేది.

"అవ్వా, సాత్తూరు వచ్చిందా? దోసకాయ వాసన వస్తాంది."

"నీ ముక్కు కండక్టరుకు ఇయ్యి. స్టాపులు అరిచే పని తప్పుతాది."

"ఇస్తా. ఆయన విజిలు నాకు ఇయ్యమను."

ముందు సీట్లో ఒక చంటిబిడ్డ ఉంది. ఆ రోజు ఆమె అగ్గిపెట్టె తీయలేదు. నేను గమనించాను.

చెల్లెలు మర్యాదస్తురాలు. "రండక్కా, లోపలికి రండి" అంది. "వద్దమ్మా, ఒక కాలు చాలు" అని ఆమె గడప మీదే నిలబడింది. మనవరాలిని మాత్రం, చూపు లేని పిల్ల అని చెప్పి, లోపలికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టమంది. ఇప్పుడు వేపాకు అడుగుతుందేమో, దీపం అడుగుతుందేమో అని నేను ఎదురుచూశాను. అడిగితే ఆ పూటకు నేను నోరు మూసుకొనేవాణ్ణే. ఆమె అడగలేదు. గడప దాటింది. మనవరాలి ఎదురుగా నిలబడి, నడుము దగ్గరి అగ్గిపెట్టె తీసి, పిల్ల మొహం ముందు ఆడించింది.

పిల్ల తల పెట్టె వెంటే తిరిగింది.

"అవ్వా, తీప్పెట్టి ఎందుకు ఆడిస్తా ఉండావు? నేనేమన్నా చంటిపాపనా?"

"చూపు ఉందే ఈ పాపకు!" అంది చెల్లెలు.

ఆమె పెట్టె తెరిచి పుల్లలన్నీ కొంగులో ఒంపుకుంది. ఖాళీ పెట్టెను మళ్ళీ ఆడించింది, అటు, ఇటు. ఇప్పుడు చప్పుడు లేదు. పిల్ల మొహం కదల్లేదు. కళ్ళు తెరుచుకొని, గోడ వైపు నిలిచి ఉన్నాయి.

"అవ్వా, పోయినావా? యాడ ఉండావు?"

"ఈడనే ఉండా తల్లీ" అంది ఆమె. చెల్లెలి వైపు తిరిగింది. "పుట్టుకతో కాదమ్మా. ఇది మా ఇంటి నెల నింపు. నర్సు తేదీ చెప్పింది. పచ్చికంటి మీద టార్చి కొడతారా, నా పానం ఉండంగ ఒప్పుకోను అంటిని. తలుపు ముందర నేనే కావలి కూర్చొంటిని. నా కూతురు ఏడ్చింది, దాన్ని కసిరినా. నెల నిండినాక పట్టా విప్పి, ఎండలోకి ఎత్తుకొని వచ్చినా. అందరూ పాయసం తింటా ఉండారు. ఎండ నిండా కంట్లో పడినా దీని రెప్ప వాలలే. చెయ్యి ఆడించినా. ఇంగొకసారి ఆడించినా."

అక్కడ ఆగిపోయింది. ఆ మాటలు ఆమె అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. వీధికి చెప్పలేదు, నాకు చెప్పలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, కుర్చీలో కూర్చున్న ఆ పిల్లకు చెప్పలేదు. పిల్ల "అవ్వా?" అని ఒక్కసారి అంది.

చెల్లెలు లోపలికి పోయింది. కాసేపటికి ఆ పిల్లే అంది, ఎటో చూస్తూ, "మేకు చప్పుడు. పట్టా పీకతా ఉండారు."

అనుకున్న రోజునే పిల్లవాణ్ణి చూపించారు. నాళాలు దారి తప్పే ఉన్నాయి. లేజరు పెట్టారు. వాడికి ఇప్పుడు చూపు ఉంది, మందపాటి అద్దాలతో. నడక ఆలస్యంగా వచ్చింది. చలికాలం వస్తే ఎదలో పిల్లికూతలు. మాటలు ఇప్పుడిప్పుడే కూడుతున్నాయి. అంత చిన్నగా పుట్టిన బిడ్డకు ఒక గండం దాటితే అన్నీ దాటినట్టు కాదు. అద్భుతాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, నేను చెప్పను. ఒకటి మాత్రం చెబుతాను. వాడు అద్దాలు తీసి నేలకేసి కొడతాడు, మళ్ళీ తానే వెతుక్కొని తెచ్చుకుంటాడు.

ఆ రోజు విరుదునగరు నుంచి తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. సాత్తూరు వచ్చింది, పోయింది, ఆ పిల్ల ఏ వాసనా చెప్పలేదు. చాలా దూరం పోయాక అంది:

"నాకు ముందర చెప్పి ఉండొచ్చు కదా అవ్వా. ఎవురో ఊరివాళ్ళ ముందర చెప్తివి."

అవ్వ కొంగులోని పుల్లలు ఒక్కొక్కటి తీసి, తలలన్నీ ఒకవైపు వచ్చేటట్టు, పెట్టెలో పేర్చుకుంటూ కూర్చుంది.

అబద్ధం చెప్పినన్నాళ్ళు ఆమెకు ఏమీ పోలేదు. వీధి ఆమెను దయగా చూసింది. నిజం చెప్పినందుకు మనవరాలు దూరమైంది. ఆ తరవాత సెలవులకు వచ్చినా అవ్వతో రెండు మూడు మాటలకు మించి మాట్లాడేది కాదని కూతురు చెప్పింది. అయినా ముసలామె ఆ నిజాన్నే ఇంటింటికీ మోసింది. గడప మీద ఒక కాలు పెట్టి, "నేను చేసింది మీరు చేయొద్దండి" అనేది. కొన్ని ఇళ్ళు విన్నాయి. కొన్ని ఇళ్ళు, మనవరాలి కళ్ళు తిన్న ముసలిది అని మొహం మీదే అన్నాయి. అట్లా అన్న చోటికి కూడా మర్నాడు మళ్ళీ పోయేది.

పోయిన వారం ఆమె పోయింది. జ్వరం, ఆయాసం, అంతే. జ్వరంతోనే చివరగా ఆమె నిలబడిన గడప సొంత వీధిలోదే, నాలుగు ఇళ్ళ అవతల. ఆ ఇంటి కోడలికి మరీ తక్కువ బరువు బిడ్డ. కిటికీకి గోనెపట్టా. అత్తగారు ఆమెను పొమ్మంది.

చావింటికి పిల్ల హాస్టలు నుంచి వచ్చింది. ఇప్పుడు పొడుగైంది, చేతిలో తెల్లకర్ర ఉంది. ఏడవలేదు. అవ్వ నడుము దగ్గరి అగ్గిపెట్టె ఏమైందని మాత్రం అడిగింది. ఎవరో తెచ్చి చేతిలో పెట్టారు. మర్నాడు నేను పోయేసరికి వాకిట్లో కూర్చొని ఉంది. అడుగు చప్పుడుకే గుర్తుపట్టింది.

"వాద్యార్ మామా, ఆ ఇంటి పాపకి చూపించినారా?"

"లేదు తల్లీ."

"అయితే నన్ను ఆడికి పిలుచుకొని పోండి."

ఇంట్లో ఆడవాళ్ళు గోల పెట్టారు. "చావుమైలతో పసిపాప ఇంటికి పోతావా? పదారోరోజు కర్మం కానీ, అప్పుడు పో."

"పదారు అయ్యేలోపల ఆ పాపకి నెల తిరిగిపోతాది పెద్దమ్మా" అంది ఆ పిల్ల, కర్ర పట్టుకొని లేస్తూ.

నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం వినలేదు.

తలుపు తట్టాం. అత్తగారు తీసింది. నన్ను చూసి మూయబోయింది. పిల్ల తెల్లకర్రను గడప మీద అడ్డంగా పెట్టింది.

"తలుపు మూయొద్దండి అత్తా. నా కర్ర ఉండాది."

అగ్గిపెట్టె తీసి, పుల్లలు నా అరచేతిలో ఒంపింది. ఖాళీ పెట్టెను ఆమె వైపు చాచింది.

"దీన్ని నా మొహం ముందర ఆడించండి. మా అవ్వ చెప్పింది నిజమా అబద్ధమా మీరే చూసుకోండి."

ఆ అత్తగారు పెట్టె తీసుకుంది. చెయ్యి లేవలేదు. లోపల చీకట్లో నుంచి కోడలి గొంతు వచ్చింది, "అత్తా, ఎవురు?" అత్తగారు పెట్టె మీది ఎర్ర పువ్వునే చూస్తూ నిలబడి, "ఇంట్లో మగవాళ్ళను అడిగి చెప్తా" అంది. తలుపు మాత్రం మూయలేదు.

ఇది రాసే పొద్దుకి వాళ్ళు ఇంకా బయలుదేరలేదు. నెల తిరగడానికి ఇంకా కొద్ది రోజులున్నాయి. రేపు పొద్దున మళ్ళీ పోతాం, ఆ పిల్ల, నేను. ఎల్లుండి కూడా పోతాం. ఈ ఒక్క తలుపు మేం చూసుకుంటాం. మీ వీధి తలుపు దగ్గరికి రావడానికి మాకు కాళ్ళు చాలవు.

కాబట్టి ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో, మీ చుట్టాల్లో, మీ వీధిలో తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఉంటే ఈ రోజే ఆ తలుపు తట్టండి. కంటి డాక్టరు చూశాడా అని అడగండి. లేదంటే గడప మీద ఒక కాలు పెట్టండి. పొమ్మంటారు, పోకండి. నెల తిరిగేలోపు ఆ పట్టా విప్పించండి.